ఊరు చూడ్డానికి వెళ్లి థియేటర్లో కూర్చోవడం ఎందుకంటే

న్యూయార్క్ వెళ్తున్నామని ఎవరైనా చెబితే హోటల్ ఎక్కడ, ఎన్నాళ్లు అనే సంగతులు నేను తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, ఏ షో చూస్తున్నారని. దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "టైం మిగిలితే చూస్తాం." మిగలదు. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి విగ్రహం దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి వాల్ స్ట్రీట్, బ్రూక్లిన్ బ్రిడ్జి, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రానికి ఏదో ఒక ఎత్తయిన బిల్డింగ్ పైకి లిఫ్ట్. ఏడయ్యేసరికి కాళ్లు మొరాయిస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీసి టికెట్ల రేట్లు చూస్తారు. ఆ అంకెలు చూశాక కాళ్ల నొప్పి ఇంకాస్త ఎక్కువైనట్టు అనిపిస్తుంది. షో సంగతి అక్కడితో సరి.

నా ఉద్దేశంలో ఇది తలకిందుల ప్లానింగ్. న్యూయార్క్ లాంటి నగరానికి వెళ్తే మ్యూజికల్‌ని, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, ముందు ఖాయం చేసుకోవాలి. మిగతా ఊరంతా దాని చుట్టూ సర్దుకోవాలి. అందుకోసం "తప్పక చూడాల్సినవి" రెండు మూడు వదిలేయాల్సి వస్తే నిక్షేపంగా వదిలేయొచ్చు.

ఈ మాట మీద మా బావగారితో నాకు గట్టి వాదనే జరిగింది. ఆయన ఎక్కడికి వెళ్లినా ఎక్సెల్ షీట్ వేసుకునే మనిషి. అందులో గంటగంటకీ ఒక గడి ఉంటుంది. "ఏం మరదలా, అంత దూరం వెళ్లి మూడు గంటలు చీకట్లో కూర్చుంటామా? ఆ మూడు గంటల్లో నాలుగు ప్లేసులు కవర్ చెయ్యొచ్చు" అన్నారు. "కవర్ చేశాక ఏం చేస్తాం బావగారూ?" అన్నాను. "ఫొటోలు ఉంటాయిగా" అని వెంటనే అందుకుంది మా అక్క, వెటకారంగానో నిజంగానో ఇప్పటికీ తెలీదు.

ఫొటోల మీద నాకేం కోపం లేదు. కానీ ఆ నాలుగు ప్లేసుల్లో మనం నిజంగా ఏం చేస్తామో చూడండి. లిబర్టీ విగ్రహం దగ్గరికి వెళ్లాలంటే ఎయిర్‌పోర్టులో లాగే సెక్యూరిటీ చెక్, ఆపైన పడవ కోసం క్యూ, దీవిలో దిగాక మళ్లీ వెనక్కొచ్చే పడవకి ఇంకో క్యూ. 1886 నుంచీ నిలబడి ఉన్న విగ్రహం అది. దాని రూపం మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. దగ్గరికి వెళ్తే తెలిసిందే ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది. సంతోషమే. అదే సంతోషం స్టేటన్ ఐలాండ్ ఫెర్రీలోనూ దొరుకుతుంది. ఆ పడవకి టికెట్ లేదు, ఒక వైపుకి పాతిక నిమిషాలు పడుతుంది, విగ్రహాన్ని బాగానే చూపిస్తూ పోతుంది. అలా ఆదా అయిన సగం రోజుని నేను థియేటర్‌కి ఇవ్వమంటాను.

ఇచ్చినందుకు ఏం దక్కుతుంది? ముందు ఊరే దక్కుతుంది. న్యూయార్క్‌లో పెద్ద నాటకాలకి పేరైన బ్రాడ్‌వే అంటే ఒక రోడ్డు అనుకుంటాం గానీ, బ్రాడ్‌వే థియేటర్లుగా లెక్కలోకి వచ్చే 41 హాళ్లలో చాలావాటికి ఆ రోడ్డు మీద గుమ్మమే లేదు. 41వ వీధికీ 54వ వీధికీ మధ్య అడ్డవీధుల్లో ఒదిగి ఉంటాయి. లింకన్ సెంటర్‌లో ఉన్న ఒక్కటి మాత్రం దూరంగా 65వ వీధిలో ఉంటుంది. 500 సీట్లు, ఆ పైన ఉంటే బ్రాడ్‌వే హాలు. అంతకన్నా తక్కువుంటే ఆఫ్ బ్రాడ్‌వే. రోడ్డుతో గానీ నాటకం గొప్పతనంతో గానీ ఈ లెక్కకి సంబంధం లేదు.

వీటిలో ఎక్కువ హాళ్లు 1903కీ 1930కీ మధ్య కట్టినవి. ప్రపంచంలోనే ఖరీదైన నేల మీద, యాభై అరవై అంతస్తుల మేడల మధ్య, నాలుగైదు అంతస్తుల ఎత్తున్న పాత హాళ్లు ఎలా మిగిలాయి? నన్నడిగితే ఎంపైర్ స్టేట్ కట్టిన కథ కన్నా ఇది ఆసక్తిగా ఉంటుంది. 1982లో టైమ్స్ స్క్వేర్‌లో ఒక పెద్ద హోటల్ కోసం ఐదు పాత థియేటర్లని కూలగొట్టారు. హెలెన్ హేస్, మొరాస్కో అనే రెండు మంచి హాళ్లు అందులో పోయాయి. పబ్లిక్ థియేటర్ స్థాపకుడు జోసెఫ్ పాప్ ముందుండి నడిపిన నిరసనలో నటీనటులు రోడ్డెక్కారు, అరెస్టులూ అయ్యాయి. హాళ్లని మాత్రం కాపాడలేకపోయారు. కానీ ఆ దెబ్బకి నగరం కళ్లు తెరిచింది. 1980ల చివర్లో మిగిలిన థియేటర్లలో చాలావాటిని రక్షిత కట్టడాలుగా ప్రకటించారు.

ప్రకటిస్తే సరిపోదు కదా. హాలు యజమానికి తన నెత్తి మీద ఖాళీగా ఉన్న గాలి బంగారంలా కనిపిస్తూనే ఉంటుంది. అందుకని 1998లో ఒక వెసులుబాటు ఇచ్చారు. పైన కట్టుకోగలిగి కూడా కట్టకుండా వదిలేసిన అంతస్తుల హక్కుని ఆ పరిసరాల్లోనే ఇంకో బిల్డర్‌కి అమ్ముకోవచ్చు. దానికి బదులుగా హాలుని హాలుగానే ఉంచుతానని మాటివ్వాలి. ఎయిర్ రైట్స్ అంటారు వీటిని. అంటే అక్కడ ఆకాశాన్నంటే హోటల్ ఒకటి చూసి మనం నోరెళ్లబెడుతున్నామంటే, దాని పై అంతస్తుల్లో కొన్ని పక్క సందులోని నాటకాల హాలు అమ్మినవి కావచ్చు.

ఇక ప్యాలెస్ థియేటర్‌ది మరీ విడ్డూరం. 1913లో తెరిచిన హాలు అది. లోపలి పనితనానికి చట్టపరమైన రక్షణ ఉంది కాబట్టి కదపకూడదు, కూలగొట్టకూడదు. కింద రోడ్డు మీద షాపులకి మాత్రం చోటు కావాలి. దాంతో 2022లో హాలు మొత్తాన్ని, బాల్కనీలూ సున్నపు నగిషీలతో సహా, జాకీల మీద 30 అడుగులు పైకి లేపారు. ఇప్పుడు ఎస్కలేటర్ ఎక్కి పైకి వెళ్తే నూరేళ్ల నాటి హాలు. టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి తెరల మీద యాడ్లు చూస్తూ సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసంటారు? సైట్‌సీయింగ్ వద్దని నేనట్లేదు. అసలైన సైట్ తలుపు లోపల ఉందంటున్నాను.

లోపలికి వెళ్దాం. మేం గెర్ష్విన్ థియేటర్‌లో విక్డ్ అనే మ్యూజికల్ చూశాం. 2003 నుంచీ అక్కడే ఆడుతోంది. బ్రాడ్‌వేలో అన్నిటికన్నా పెద్ద హాలు, పంతొమ్మిది వందల పైన సీట్లు. మాకు దొరికినవి మెజనీన్‌లో, అంటే పై అంతస్తులో. గుమ్మం దగ్గర చేతిలో పెట్టే ప్లేబిల్ అనే చిన్న పుస్తకం తెరవగానే అందులోంచి ఒక తెల్ల కాగితం ముక్క జారి ఒళ్లో పడింది. ఈ ప్రదర్శనలో ఎల్ఫబా అనే ముఖ్యపాత్రని ఫలానా నటి కాకుండా స్టాండ్‌బై నటి వేస్తారని అందులో రాసుంది. బావగారి మొహం మాడిపోయింది. "చూశావా, ఇంత పెట్టి కొంటే డూప్లికేట్‌ని పంపారు" అన్నారు.

ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా పోట్లాడతాను. బ్రాడ్‌వేలో వారానికి 8 షోలు. మామూలుగా సోమవారం సెలవు, రెండు మూడు రోజులు మధ్యాహ్నం ఆట కూడా ఉంటుంది. కొన్ని రోజులు రెండేసి సార్లు గొంతు చించుకుని పాడే పాత్ర ఒకే మనిషి ఏడాది పొడుగునా వేయాలంటే అయ్యే పని కాదు. అందుకే ప్రతి పెద్ద పాత్ర వెనకా ఇంకో ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉంటారు. అండర్‌స్టడీ రోజూ చిన్న వేషం వేస్తూ, అవసరం పడితే పెద్ద వేషంలోకి వస్తాడు. స్టాండ్‌బై పిలుపు కోసమే ఉంటుంది, పిలుపు రాని రోజు స్టేజి ఎక్కదు. అందరికన్నా కష్టం స్వింగ్ అనేవాళ్లది: గుంపులో ఉండే పది మంది అడుగులూ పాటలూ ఒక్కరే కంఠస్థం చేసి, ఏ సాయంత్రం ఎవరి స్థానంలోకి పొమ్మంటే అందులోకి దూరిపోవాలి. కోవిడ్‌కి 2020 మార్చిలో మూతపడిన హాళ్లు 2021 సెప్టెంబర్‌లో మళ్లీ పూర్తిస్థాయిలో తెరుచుకున్నాక, ఆ చలికాలం ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడుతుంటే చాలా షోలని నిలబెట్టింది వీళ్లే.

ఆ రోజు వచ్చిన అమ్మాయికి అది ఎన్నో సారో మాకు తెలీదు. కానీ మొదటి భాగం చివర ఎల్ఫబా చీకట్లోంచి పైకి లేచే పాట ఉంటుంది. దాని ముందు ఆమె ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. రోజూ వేసే మనిషైతే లెక్క ప్రకారం అందుకునేదేమో. ఆ ఆగడంలో హాలంతా ఊపిరి బిగబట్టింది. పాట అయ్యాక మా వెనక వరసలో ఎవరో ఏడుస్తూ చప్పట్లు కొడుతున్నారు. బావగారు కూడా చప్పట్లు కొట్టారు. డూప్లికేట్ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మెజనీన్ సీట్ల వల్ల ఇంకోటి కూడా కనిపించింది. బాల్కనీ పిట్టగోడకి స్టేజి వైపు తిప్పి చిన్న టీవీ తెరలు బిగించి ఉంటాయి. వాటిలో వచ్చేది ఆర్కెస్ట్రా కండక్టర్ బొమ్మ. ఆయన స్టేజి ముందున్న గుంటలో ఉంటాడు. నటులు మనవైపు చూసి పాడుతున్నట్టే ఉంటుంది గానీ, తాళం కోసం వాళ్ల చూపు తరచూ ఆ తెర మీదకే పోతుంది. ఆ రోజు పాటకి ముందు వచ్చిన ఆ ఆగుడుని కింద గుంటలోని మనిషి కూడా ఆమెతో పాటే ఆగి కాపాడాడన్నమాట. రికార్డింగ్‌కి ఆ గండం లేదు. టీవీలో చూసేయొచ్చుగా అనేవాళ్లకి నా జవాబు ఇదే. అక్కడ తప్పు జరగడానికి అవకాశం ఉంది, మన కళ్లముందే అది జరగకుండా దాటిపోతోంది.

డబ్బు సంగతి దాటేస్తే వాదన నిజాయితీగా ఉండదు. పేరున్న మ్యూజికల్‌కి మంచి సీటు వంద డాలర్లు దాటడం మామూలు, బాగా డిమాండ్ ఉన్నవాటికి దానికి ఎన్నో రెట్లు. నలుగురి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పైగా నాలుగేళ్లలోపు పిల్లల్ని చాలా హాళ్లు లోపలికి రానివ్వవు. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు షో మానుకుని సెంట్రల్ పార్కులో సాయంత్రం గడిపితే నేనేమీ అనను. 843 ఎకరాలుంది, పిల్లలు అలిసిపోతారు.

మిగతావాళ్లకి మాత్రం దారులున్నాయి. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర గాజు మెట్ల కింద టికెట్స్ బూత్ ఉంది. 1973 నుంచీ నడుస్తోంది. అమ్ముడుపోని సీట్లని ఆ రోజుకి సగం ధర దాకా తగ్గించి అమ్ముతారు. క్యూ పొడుగ్గా ఉన్నా తొందరగానే కదులుతుంది. క్యూలో నిలబడ్డవాళ్లు ఏం చూశారో, ఏది బాలేదో నిర్మొహమాటంగా చెప్పేస్తారు, ఆ సలహా ఉచితం. ఇంకో దారి లాటరీ. 1996లో రెంట్ అనే మ్యూజికల్ వాళ్లు ముందు వరస సీట్లని 20 డాలర్లకే ఆ రోజుకారోజు ఇవ్వడం మొదలుపెట్టారు. జనం రాత్రుళ్లు ఫుట్‌పాత్ మీద పడుకోవడంతో దాన్ని లాటరీగా మార్చారు. హామిల్టన్ అనే మ్యూజికల్‌కి 10 డాలర్ల లాటరీ ఉంది. ఇప్పుడు ఇవన్నీ ఫోన్లోనే. పేరు ఇచ్చి మర్చిపోవాలి. వస్తే అదృష్టం, దాని మీద ఆశపెట్టుకుని సాయంత్రం ఖాళీగా ఉంచుకుంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

చవక సీటు అంటే చెడ్డ సీటు అనుకోవద్దు. ఆ పాత హాళ్లు మైకులు లేని రోజుల్లో కట్టినవి. గొంతు ఆఖరి వరస దాకా వినబడాలి కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పైన వెనక కూర్చున్నా స్టేజి అంత దూరం కాదు. గుంపు డాన్సులుంటే పైనుంచే వాటి ఆకారం తెలుస్తుంది. కిందేమో ముందువాడి తల అడ్డం. మోకాళ్లకి మాత్రం ఎక్కడా చోటుండదు. వందేళ్ల కిందటి మనుషుల కాళ్ల కొలతలవి మరి.

"ఇంగ్లీషు పాటలు, అంత స్పీడు, మనకేం అర్థమవుతుంది" అనేది రెండో అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసేయను, హామిల్టన్‌లో మాటలు దూసుకుపోతాయి. కానీ దీనికి మందు చాలా సులువు. ప్రయాణానికి ముందు ఒకటి రెండు వారాలు ఆ షో పాటల ఆల్బమ్ వినడమే. కథ ముందే తెలిసిపోతుందని భయపడేవాళ్లతో నేను ఏకీభవించను. సస్పెన్స్ కోసం మ్యూజికల్‌కి ఎవరూ వెళ్లరు. తెలిసిన పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడ్డంలోనే సగం మజా ఉంది. అప్పటికీ కష్టమైతే చాలా హాళ్లలో గాలాప్రో అనే యాప్ పనిచేస్తుంది. ఫోన్ తెర నల్లగా ఉండి మాటలు మాత్రం కనిపిస్తాయి, పక్కవాళ్లకి ఇబ్బంది లేదు.

ఏది చూడాలి అంటే నా అభిప్రాయం కాస్త మొండిది. తెర మీద ఇప్పటికే చూసిన సినిమానే స్టేజి మీదా చూడ్డానికి టికెట్ కొనకండి. మొహమాటం లేకుండా చెప్పాలంటే వాటిలో చాలావరకు మన జ్ఞాపకాలకి అద్దె వసూలు చేస్తాయి. దీనికో గట్టి మినహాయింపు ఉంది, ది లయన్ కింగ్. 1997లో దర్శకురాలు జూలీ టేమర్ దాన్ని సినిమాలా చేయడానికి ప్రయత్నించలేదు. జంతువుల ముఖాలు నటుల తలల పైన ఉంటాయి, కింద మనిషి ముఖమూ కనిపిస్తూనే ఉంటుంది. ఏది చూడాలో మన ఇష్టం. మొదటి పాటకి ఏనుగు మన పక్కనుంచే నడిచి స్టేజి ఎక్కుతుంది. ఆ ఏనుగు కాళ్లలో నలుగురు మనుషులున్నారని తెలిసి కూడా ఒళ్లు జలదరిస్తుంది. మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అనే బ్రాడ్‌వే నాటకాల అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. అలంకారాలేమీ వద్దనుకునేవాళ్లకి షికాగో ఉంది. 1996 నుంచీ ఆడుతున్న ఆ షోలో సెట్టింగులు దాదాపు లేవు. వాయిద్యాలవాళ్లు స్టేజి మధ్యలోనే కూర్చుంటారు, నల్ల బట్టలేసుకున్న నటులు వాళ్ల చుట్టూ ఆడతారు.

షో కుదిరాక ఊరు దానంతటదే సర్దుకుంటుంది. దిగిన రోజు రాత్రి ఆటకి మాత్రం టికెట్ తీసుకోవద్దు, జెట్ లాగ్‌తో అంత ఖరీదైన నిద్ర ఇంకెక్కడా ఉండదు. బుధవారం మధ్యాహ్నం ఆట మేలు. ఆ పొద్దున గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో మొదలుపెట్టి, తలెత్తి పైకప్పు మీది నక్షత్రాలు చూసి (1913 నుంచీ ఆ ఆకాశం తిరగేసి ఉంది, ఎవరూ సరిదిద్దలేదు), 42వ వీధి వెంబడి పడమరకి నడిస్తే పబ్లిక్ లైబ్రరీ రాతి సింహాలు, బ్రయంట్ పార్కు, ఆపైన 1903 నాటి న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్. తీరిగ్గా నడిచినా అరగంట చాలు. ఆటకి ఆలస్యంగా వెళ్తే సందు దొరికేదాకా వెనకే నిలబెడతారు కాబట్టి చేతిలో కాస్త టైం ఉంచుకోవాలి. మెట్ మ్యూజియం శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, దాన్ని షో లేని సాయంత్రానికి పెట్టుకోవచ్చు. ఎత్తయిన మేడలకి సోమవారం రాత్రి. టైమ్స్ స్క్వేర్ కోసం విడిగా టైం ఇవ్వనక్కర్లేదు. రాత్రి ఆట వదిలాక అన్ని హాళ్ల జనం ఒక్కసారి రోడ్డు మీద పడతారు, ఆ పది నిమిషాలూ చూస్తే చాలు.

లండన్ వెళ్లేవాళ్లకీ నా సలహా ఇదే, చిన్న తేడాలతో. అక్కడ ప్రోగ్రాం పుస్తకం డబ్బులిచ్చి కొనుక్కోవాలి, ఇంటర్వెల్లో సీటు దగ్గరికే ఐస్‌క్రీం వస్తుంది, టికెట్ల ధరలు న్యూయార్క్ కన్నా కాస్త ఊరటగా ఉంటాయి. న్యూయార్క్‌లో 13,981 ప్రదర్శనల తర్వాత 2023లో ఆగిపోయిన ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా లండన్‌లో 1986లో మొదలైన హాల్లోనే ఇంకా ఆడుతోంది.

ఇంతా చెప్పాక కూడా "ఒక్కటే చూస్తాం, ఏది?" అని పట్టుబట్టేవాళ్లుంటారు. పెద్ద హాలుకి టికెట్ దొరక్కపోతే, లేదా అంత పెట్టడం ఇష్టం లేకపోతే, లఫాయెట్ స్ట్రీట్‌లో పబ్లిక్ థియేటర్ వైపు వెళ్లమంటాను. పాత లైబ్రరీ భవనం అది. ఎ కోరస్ లైన్ 1975లో అక్కడే పుట్టి బ్రాడ్‌వేకి వెళ్లి 1990 దాకా ఆడింది. హామిల్టన్ కూడా 2015 ఫిబ్రవరిలో ముందు అక్కడి చిన్న హాల్లోనే ఆడింది, బ్రాడ్‌వేలో అధికారికంగా మొదలైంది ఆగస్టులోనే. అక్కడ ఆడేది ప్రతిదీ అలా అవుతుందని కాదు, కొన్ని భరించలేనంత బోరుగా కూడా ఉంటాయి. అయినా ఈసారి నేను వెళ్తే ముందు అక్కడ ఏం ఆడుతోందో చూసుకుని, ఆ తర్వాతే విమానం తేదీలు పెట్టుకుంటాను. బావగారి ఎక్సెల్ షీట్‌లో ఆ గడి నేనే నింపుతానని చెప్పేశాను కూడా.